మోకాలి చుట్టూ దారం

ప్రవళిక ఉండ నుంచి మూరన్నర దారం లాగి, భర్త మోకాలి చుట్టూ తిప్పి, రెండు కొసలు కలిసినచోట బొటనవేలి గోటితో నొక్కిపట్టింది. బీడీలకు కట్టే గులాబి రంగు దారం అది. చిప్ప నడిమధ్య నుంచే పోవాలి, వెనుక మడత దగ్గర జారకూడదు, బిగుసుకోకూడదు. కలిసినచోట ముడి వేసి, తునికాకు కత్తిరించే కత్తెరతోనే మిగతాది తెంపింది. దర్వాజ పక్క గోడకు వరుసగా కొట్టిన మేకుల్లో చివరిదానికి తగిలించింది.

వారానికొక మేకు, మేకుకు ఏడు దారాలు. ఫిబ్రవరిలో మొదలుపెట్టింది, ఇప్పుడు జులై. మోకాలు ఎప్పుడు వాస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది అని జగిత్యాల డాక్టరు అడిగిన రోజు మొగుడూపెళ్లాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మరునాటి నుంచే ఈ కొలత. ఇంట్లో టేపు లేదు, దారానికి మాత్రం కరువు లేదు.

మొదట్లో భాస్కర్ ప్రతి పొద్దునా "ఎంతున్నదే?" అని అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు. కాలు చాపి, ఆ కాలు తనది కానట్టు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. అతను కల్లు కోసం తాళ్లెక్కే మనిషి. తండ్రి నుంచి వచ్చిన, చెట్టెక్కే మోకు ఇంట్లో కొయ్యకు వేలాడుతోంది. మోకాళ్లతో చెట్టును పట్టి ఎక్కే పనికి ఇప్పుడు కుడికాలు పూర్తిగా మడత పడడం లేదు.

ఆ రోజు గురువారం. చాట ఒళ్లో పెట్టుకుని ఆమె నాలుగు బీడీలు చుట్టేసరికి కిటికీలో ఫోను మోగింది. తెర మీద సాయినాథ్ అన్న పేరు, దాని పైన అతని బొమ్మ. పోలండు తోటలో పండ్ల బకెట్టు ఎత్తిపట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

భాస్కర్‌తో కలిసి అక్కడ పనిచేసిన సాయినాథ్ చనిపోయి పదకొండు నెలలు.

మోగిస్తున్నది అతని తల్లి నర్సక్క అని ఇద్దరికీ తెలుసు. కొడుకు ఫోను, కొడుకు నంబరు ఆమే వాడుతోంది. సిరిసిల్లలో, బట్ట నేసే సాంచాల గల్లీలో ఒక్కతే ఉంటుంది. కొడుకు పోయింది గురువారం నాడని ప్రతి గురువారం పొద్దున ఒక్కసారి చేస్తుంది. ఎత్తకపోతే మళ్లీ చేయదు. ఇదంతా తెలిసీ ఆ పేరు వెలిగిన ప్రతిసారీ ప్రవళిక వేళ్ల మధ్య ఆకు చిట్లుతుంది. పేరు మార్చి పెట్టుకోమని ఒకసారి అంటే, "నా చేతితోని వాని పేరు తీసేయాల్నా?" అన్నాడు భాస్కర్.

మోగి మోగి ఆగింది. భాస్కర్ గోడ పట్టుకుని లేచి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. గురువారం గురువారం అంతే. మెట్‌పల్లి రోడ్డు వెంట ఎంత దూరం పోతాడో, పొద్దుగూకే వేళకు వస్తాడు.

శుక్రవారం దారాలు ఎప్పుడూ పొడుగు. ఆ సంగతి ఆమె జూన్‌లో కనిపెట్టింది. మేకుకున్న ఏడింటిలో ఒకటి మిగతావాటికంటే అంగుళం కిందికి దిగి ఉంటుంది. కుంటుకుంటూ అంత దూరం నడిస్తే వాయక ఏమవుతుందని సర్దిచెప్పుకుంది. తరువాత ఒక గురువారం ముసురు పట్టి రోజంతా గల్లీలో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. భాస్కర్ గడప దాటలేదు, మంచం కూడా దిగలేదు. ఫోను మాత్రం మోగింది. మరునాటి దారం తక్కినవాటికంటే పొడుగొచ్చింది. ఆమె రెండుసార్లు కొలిచింది. భర్తకు చెప్పలేదు.

*

ఆదివారం జగిత్యాలకు వెళ్లారు. నెలకు రెండు ఆదివారాలు అక్కడికి హైదరాబాదు నుంచి కీళ్ల డాక్టరు వస్తాడు. ఆయన పుణ్యమే జబ్బుకు పేరు తెలియడం. మార్చిలో "నువ్వు ఏ దేశం పోయొచ్చినవ్?" అని అడిగి, పోలండు అనగానే పెన్ను పక్కన పెట్టాడు. అడవి పక్కన తోట పనా, గడ్డిలో తిరిగారా, ఒంటికి పురుగులేమైనా పట్టాయా అని ఒక్కొక్కటే అడిగి రక్తం హైదరాబాదుకు పంపించాడు. లైమ్ అని వచ్చింది. అక్కడి గోమార్లు, పశువులకు పట్టే పిడుదుల వంటివి, కుడితే వచ్చే జబ్బు. నెల రోజులు మందులు రాశాడు. ఒక్క గోలీ తప్పకుండా వేసుకున్నా, జూన్‌లో మోకాలు మళ్లీ నిండింది.

ఈసారి సూది గుచ్చి మోకాలి నీరు తీశారు. పచ్చగా, కలి నీళ్లలా ఉంది. ఆ గొట్టాన్ని ల్యాబుకు తీసుకుపోయింది యాస్మీన్. కోరుట్ల బడిలో ప్రవళికతో పదో తరగతి దాకా ఒకే బెంచీ, ఇప్పుడు ఆ ఆసుపత్రిలోనే టెక్నీషియను.

"రా, చూద్దువుగాని. బళ్లె ఉల్లిపొర చూసుటానికి నన్ను నూకేసేదానివి కదనే," అంది యాస్మీన్, స్టూలు జరిపి.

ప్రవళిక మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది. మొదట తన రెప్ప వెంట్రుకలే కనిపించాయి. తరువాత వెలుగులో గుండ్రటివి, ఊదా రంగు మచ్చలున్నవి, సందు లేకుండా. పక్కకు జరిపితే అక్కడా అవే. ఒకదాని మీద ఒకటి పడి, కొన్ని పగిలి, లోపలిది బయటికి కారి.

"ఇవేనా పురుగులు?"

"పురుగు ఒక్కటి లేదు. నేను అరగంట సేపు దేవులాడిన. గవన్నీ మీ ఆయనయే. తెల్ల కణాలు. కాపలోళ్లు."

"పురుగు లేనప్పుడు ఇంతమంది ఎందుకచ్చిన్రు?"

"సారు చెప్పిండు, ఇను." యాస్మీన్ గొంతు తగ్గించింది. "పురుగు మందులకే సచ్చిందట. కని దాని ఒంటి గోడ ఉంటది సూడు, గా గోడ ముక్కలు కీలుల ఉండిపోయినయట. జల్ది కరుగయట. గోడకు అతుక్కొని ఒక ప్రోటీను ఉంటదట. దాని పని పిలుచుడు. రక్తంల తిరిగే కాపలోళ్లను రండి రండి అని పిలుస్తనే ఉంటదట. వీళ్లు ఉరికచ్చి, దొంగ దొరక్క, ఇల్లునే పీకుతరు."

"సచ్చినంక ఎట్ల పిలుస్తది?"

"పిలిచేటిది బతికే ఉండాల్నని ఏముందే," అంది యాస్మీన్, చేతి తొడుగు విప్పుతూ. తొడుగును బుట్టలో వేసి, "చాయ్ తాగుతవా?" అని అడిగింది.

డాక్టరు ఇంకో మందు రాశాడు. వారానికి ఒక్కసారి, ప్రతిసారీ అదే రోజున తప్పకుండా. ఇది పురుగును చంపేది కాదు, ఆ కాపలావాళ్లను పడుకోబెట్టేది. మొదలుపెట్టడానికి జాప్యం చేయొద్దన్నాడు. కీలు మధ్య మెత్త ఇప్పటికే అరుగుతోంది, ఇంకో రెండు నెలలు ఇలాగే పోతే కాలు కర్రలా మిగులుతుంది, అప్పుడు ఏ మందూ వెనక్కి తేలేదు అని బొమ్మ గీసి చూపించాడు. చివర్లో మామూలుగా అడిగాడు. "నీతో పనిచేసిన వాళ్లలో ఇంకెవరినన్నా కుట్టిందా? ఎర్రగా గుండ్రం లేచి, రోజురోజుకు పెద్దగయిందా? కొందరికి గుండె మీద కూడా పడ్తది, అందుకే అడుగుతున్న."

"లేదు సార్," అన్నాడు భాస్కర్.

ఆ మాట మరీ తొందరగా వచ్చింది. అతని అరచేయి వాచిన మోకాలిని కప్పి గట్టిగా నొక్కుతుండడం ప్రవళిక చూసింది. అంతకుముందు వేలు తగిలితేనే విలవిలలాడిన మోకాలు.

*

సోమవారం ఆమె అన్నం పెట్టి, గోలీ, నీళ్ల గిలాస పక్కన పెట్టింది. అన్నం తిన్నాడు. గోలీ ముట్టలేదు.

"ఇది మింగేది కాదే."

"ఎందుకు కాదు? సారు అంతగనం చెప్పిండు. బొమ్మ గీసి చూపెట్టిండు."

"సారుకు వాని గురించి ఎరుకలేదు."

"నాకు ఎరుక లేదు. చెప్తె ఎరుకైతది," అంది ఆమె. చాట దగ్గరికి లాక్కుని బీడీలు చుట్టసాగింది. చేతులు కదులుతుంటే అవతలి మనిషికి మాట్లాడడం తేలికని ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆకు పెట్టింది, తంబాకు పోసింది, చుట్టింది, మూతి మడిచింది, దారం కట్టింది. ఆరో బీడీ దగ్గర అతను మొదలుపెట్టాడు.

తోటలో రోజూ పని అయ్యాక ఇద్దరిద్దరు జతగా నిలబడి, అంగీలు తీసి, ఒకరి వీపు ఒకరు చూసుకోవాలని అక్కడి మేస్త్రీ చెప్పేవాడట. పురుగు కనిపిస్తే చిమటాతో తీసి తనకు చూపించాలి. భాస్కర్, సాయినాథ్ ఒక జత. ఇద్దరికీ నవ్వొచ్చేది.

"మా బర్లకు గిన్ని గోమార్లుంటయ్, గింతదానికి గింత హంగామానా అన్న. వాడు ఇంకింత నవ్విండు. ఒకనాడు వాని వీపుమీద ఒకటి కండ్లవడ్డది. గింజంత. ఇంటికాడ బర్లకు మనమేం జేస్తం? బీడీ అంటిచ్చి కాలుస్తం, అదే ఊడి పడ్తది. నేను గట్లనే చేసిన. నువ్వు పంపిన కట్టల బీడీనే."

ప్రవళిక చేతిలోని బీడీ ఆగింది. ఆ కట్టలు ఎర్ర సూట్‌కేసులో, చలికోటు మడతల్లో తానే సర్దింది. ఇంటి బీడీ రుచి అక్కడ దొరకదని ఇరవై కట్టలు పెట్టింది.

"కాలిస్తె అది కక్కుతదట. కడుపులున్న విషమంత లోపటికి కక్కి పడ్తదట. మార్చిల సారు చెప్పినంక ఫోన్ల చూసిన," అన్నాడు. "నాలుగు దినాలకు వాని వీపుమీద ఎర్రగ గుండ్రం లేసింది. గాజంత. వాడు అద్దంల చూసుకోని, ఏందిర భాస్కర్ ఇది, మేస్త్రీకి చూపెడుదమా అన్నడు. నేను బీడీ చురకరా పిచ్చోడా అన్న. చూపెడితె పని ఆపిచ్చి దవాఖానకు తోలుతరు, నాలుగు దినాల పని పోతదన్న. సరే అన్నడు. నా మాట ఎప్పుడు కాదన్నడు వాడు? వారం తిరిగేవరకు తాంబాళమంత అయింది. అప్పుడు గూడ చురకనే అన్న."

"తర్వాత?"

"తర్వాత మాయమైంది. పోయింది సూడు అన్న. నెలకు మెట్లెక్కితె దమ్ము అస్తలేదనేటోడు. కండ్లు తిరుగుతున్నయనేటోడు. గా గురువారం నిద్రల నుంచి లేవలే."

ఆమె ఆగిన బీడీకి దారం కట్టి చాటలో పెట్టింది. తరువాత, ఇన్ని నెలలుగా అడగాలనుకున్నది అడిగింది. "పిట్టకు పెట్టిననాడు నువ్వు ఏమన్నవ్?"

ఆ రోజు ఆమె కూడా సిరిసిల్లలోనే ఉంది. శవం ఇరవై రెండో రోజున వచ్చింది. దానితోపాటే భాస్కర్ కూడా వచ్చాడు. మట్టి చేసిన మూడోనాడు, వాగు ఒడ్డున విస్తరిలో సాయినాథ్‌కు ఇష్టమైనవన్నీ పెట్టారు. మటను, గారెలు, కల్లు, సిగరెట్టు కూడా. పిట్ట ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయినట్టు. గంట గడిచినా ముట్టలేదు. చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి దండం పెట్టి మాట ఇచ్చారు. నీ తల్లిని చూసుకుంటామన్నారు, ఇల్లు కడతామన్నారు. అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. ప్రవళిక మాత్రం వెనకకు చూసింది. కాకి మొదటి నుంచీ అక్కడే, కరెంటు స్తంభం మీద ఉంది. ఎగిరిపోలేదు, దిగిరాలేదు. మనుషులను ఒక్కొక్కరినే చూస్తున్నట్టు తల తిప్పుతోంది. అందరికంటే చివర భాస్కర్ పోయి విస్తరి మీదికి వంగి ఏదో గొణిగాడు. అతను ఇంకా నడుము ఎత్తకముందే కాకి దిగింది. అతని చేతికి జానెడు దూరంలో ఒక్క మెతుకు తీసుకుని పోయింది.

ఏం మాటిచ్చావని ఎంతమంది అడిగినా అతను చెప్పలేదు.

"మీ అమ్మకు చెప్త అన్న," అన్నాడు ఇప్పుడు. "గంతే. గింత మాట. గది చెప్పుడు కాలేదు. అందుకే వాడు మోకాల్ల కూసున్నడు. నీ దోస్తు చెప్పింది కదా, సచ్చినంక గూడ పిలుస్తదని. నాకు గా ప్రోటీను పేరు ఎరుకనే, గురువారం గురువారం ఫోను మీద అస్తది."

"నీ పురుగు నిన్ను కుట్టింది. ఆయన పురుగు ఆయనను కుట్టింది. మోకాల్ల ఉన్నది గోడ ముక్కలు. నేను కండ్లార చూసిన."

"నువ్వు చూసింది కాపలోళ్లను. పిలిచినోన్ని చూసినవా?"

ఆమె గోలీని అతని వైపు ఇంకొంచెం జరిపింది. నిజమే, చూడలేదు.

"చెప్పకుంట గీ గోలీ మింగితె," అన్నాడతను, గిలాసను పక్కకు జరుపుతూ, "వాని నోరు మూసినట్టయితది."

"అయితె పోయి చెప్పిరా. కాలు కట్టెపుల్ల అయినంక ఎట్లెక్కుతవ్ తాళ్లు?"

"ఏమని చెప్పాలె? నీ కొడుకును బీడీతోని చంపిన అనాల్నా?"

*

గురువారం కొలత తీసేలోపే ఫోను మోగింది. సాయినాథ్ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. భాస్కర్ కాలు చాపి ఉన్నాడు కాబట్టి వెంటనే లేవలేకపోయాడు. ప్రవళిక దారం వదిలేసి ఫోను ఎత్తింది. ఇన్ని నెలల్లో ఆ పేరు మీద ఆమె వేలు పడడం అదే మొదటిసారి.

మొదట సాంచాల మోత వినిపించింది. దాని వెనుక నుంచి ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. ఎత్తుతారని అనుకోని మనిషికి మాట అందడం లేదు.

"అమ్మా, నేను ప్రవళికను. కోరుట్ల నుంచి. భాస్కర్ ఇంటామెను."

"బిడ్డా," అంది నర్సక్క. "మంచిగున్నరా? భాస్కర్ కాలు ఎట్లున్నది? నాకు చెప్పిన్రు." ఆగింది. "నేనేం పరేషాన్ చేయ బిడ్డా. ఒక్కటే అడుగుత. పిట్టకాడ నా కొడుకుకు భాస్కర్ ఏం మాటిచ్చిండు? ఇల్లు కడ్తమంటె రాలే. నన్ను సాదుతమంటె రాలే. నేను ఏడ్సుకుంట పిలిస్తె రాలే. తల్లి కన్న ఎక్కువ మాట ఏముండె వానికి? అది తెలిస్తె నేను ఇగ చెయ్య. గిదొక్కటి తెలువక నాకు బువ్వ పోతలేదు."

భాస్కర్ చేయి అడ్డంగా ఊపాడు. చెప్పకు అన్నట్టో, ఫోను ఇవ్వకు అన్నట్టో. అతని మొహం ఆ చేతి వెనుక ఉంది. తానే చెప్పేస్తే ఈ నిమిషంలో అయిపోతుందని ప్రవళికకు తెలుసు. మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఆ బీడీలు సర్దిన చేతులు తనవి, విస్తరి మీద వంగిన నోరు అతనిది.

"ఆయననే అస్తడమ్మా," అంది. "అచ్చే గురువారం. మొకం చూసి చెప్తడు."

అవతల సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. "గట్లనే బిడ్డా," అని నర్సక్క పెట్టేసింది.

భాస్కర్ భార్యను తిట్టలేదు.  దినం తప్పకుండా కాలు చాపాడు, ఆమె తప్పకుండా కొలిచింది. శుక్రవారం దారం పొడుగొచ్చింది. శనివారమూ తగ్గలేదు. మంగళవారానికి మూర దాటింది. గోలీల పట్టీ దేవుని అర్రలో కుంకుమ భరిణె పక్కనే, ఒక్కటీ చినగకుండా ఉంది.

మళ్లీ గురువారం వచ్చింది. ఆమె లేచేసరికి అతను స్నానం చేసి, తెల్లంగీ వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. రోజూలాగే కాలు చాపాడు. ప్రవళిక దారం చుట్టింది. మోకాలు కాలుతోంది, పెనం మీది రొట్టెలా. చర్మం కింద ఏదో సన్నగా అదురుతున్నట్టు వేళ్లకు తగిలింది. నాడి కావచ్చు. ముడి వేసి తెంపింది. ఆరు నెలల్లో ఇంత పొడుగు దారం రాలేదు. దాన్ని మేకుకు తగిలించకుండా పిడికిట్లో దాచుకుంది. గాలి లేకపోయినా గోడ మీది దారాలన్నీ ఒకసారి కదిలి ఆగాయి. ఆమె లేచినప్పుడు కొంగు తగిలిందేమో.

వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సు తొమ్మిదింటికి. రొట్టె వేడి చేస్తానని ఆమె పొయ్యి దగ్గరికి పోబోతుండగా అతను దేవుని అర్రలోకి వెళ్లాడు. గోలీల పట్టీ తీసుకుని దేవుని పటాన్ని చూసినట్టు చూశాడు. మింగలేదు. మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు కిటికీలో ఫోను మోగింది.

ఇద్దరూ అటు చూశారు. ఇవాళ వస్తాడని తెలిసి కూడా నర్సక్క ఎందుకు చేస్తోందో ప్రవళికకు అర్థం కాలేదు. పండ్ల బకెట్టు, తెల్లటి పళ్లు, పేరు. భాస్కర్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఎత్తలేదు, ఆపలేదు. మోగుతున్నదాన్ని మోగుతున్నట్టే, గోలీలున్న జేబులోనే వేసుకున్నాడు. ఆ వెలుగు తెల్లంగీ లోపలి నుంచి కనిపించింది.

చెప్పులు వేసుకున్నాడు. దర్వాజ పట్టుకుని బిగుసుకున్న కాలును ముందు గడప దాటించి, తరువాత మంచి కాలు దాటించి, ఆమె వైపు చూడకుండా మెట్టు దిగిపోయాడు. పిడికిట్లో దారంతో ఆమె గుమ్మంలో నిలబడింది. గల్లీ మలుపు తిరిగి మనిషి కనిపించకుండా పోయాక కూడా జేబులోని మోత ఇంకా వినిపిస్తూనే ఉంది.